ఖాళీ అట్ట చదివిన పిల్ల

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరిసి ఉండాలి, ఇంట్లోవాళ్లు మన మాట వినడం మానేసి ఉండాలి. నాకు రెండోది మాత్రమే జరిగింది. వయసు ముప్పై ఒకటి. బీదవాడల్లో పిల్లల ఆరోగ్యం, చదువు చూసే ఒక సంస్థలో, నంద్యాల ఆఫీసు నుంచి ఐదేళ్లు ఫీల్డు వర్కరుగా తిరిగాను. పోయిన ఉగాదికి ప్రాజెక్టు కాలం తీరింది, దాంతోపాటు నా ఉద్యోగమూ తీరింది. శాలువా కప్పి, గోడ గడియారం ఒకటి ఇచ్చి పంపారు. కాబట్టి రిటైరైనట్టే. గడియారం నడవదు. అదీ రిటైరైనట్టే.

ఇప్పుడు కొత్త ప్రాజెక్టు వచ్చిందట, మీరంతా కొత్తగా చేరారట. "మీ అనుభవాలేమైనా రాసియ్యక్కా, పనికొస్తాయి" అని మీలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. నేను సాధించినవి రాస్తే పోస్టుకార్డులో సగం ఖాళీ మిగులుతుంది. అందుకని ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఎవరి సాయమూ లేకుండా, పూర్తిగా నా సొంతంగా చేసిన తప్పు.

నేను చేరిన వారంలోనే మా సూపర్‌వైజర్ సారు నా చేతిలో లావుపాటి పుస్తకం ఒకటి పెట్టాడు. ఆఫ్రికాలో ఒక పెద్ద నగరంలో, పేదల వాడల్లో ఉండే బడులకు వెళ్లి పిల్లల చూపు, వినికిడి, బరువు చూసే వర్కర్లు తమ పని పద్ధతులన్నీ రాసిపెట్టుకున్న పుస్తకం అది. మావాళ్లు దాన్ని తెలుగు చేయించారు. అట్ట మీద రేకుల బడి, ముందు నీలం గౌన్ల పిల్లలు, వెనకాల నీళ్ల కొళాయి దగ్గర పసుపు డబ్బాల వరుస. డబ్బాల బదులు ప్లాస్టిక్ బిందెలు పెడితే మా ఆఫీసు వెనక సందే. ఆ సంగతి ఇప్పుడు చెప్తున్నాను. అప్పుడు మాత్రం "ఆఫ్రికా బడికీ ఆళ్లగడ్డ బడికీ ఏం సంబంధం సార్?" అని అడిగాను.

"నాకేం తెల్సు? చదువుకోమ్మా," అన్నాడు సారు. ఆయనా చదవలేదని నాకు తర్వాత తెలిసింది.

నేను బొమ్మలు చూశాను.

ఆళ్లగడ్డలో నాకిచ్చిన బడి, హైవే పక్కన శిల్పాలు చెక్కేవాళ్ల షెడ్ల వెనక ఉంది. పిల్లల్లో చాలామంది ఆ షెడ్ల వాళ్లే. పొద్దున ఉలి చప్పుడు, మధ్యాహ్నం గ్రైండరు మోత, సాయంత్రం రెండూ. దేవుళ్లందరూ సగం సగం తయారై రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. పిల్లల జుట్టు మీద ఎప్పుడూ తెల్లటి రాతిపొడి. ఆ బడిలో చూపు పరీక్ష పెట్టాను. పని సులువే. అక్షరాలున్న అట్టను గోడకు తగిలించాలి. పిల్లను ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టాలి. ఒక కన్ను మూయించి, పై వరుస పెద్దక్షరాల నుంచి కింది వరుస చిన్నక్షరాల దాకా చదివించాలి.

నేను పిల్లలందరినీ చక్కగా ఎత్తు ప్రకారం వరుసలో నిలబెట్టాను. ఒక్కొక్కరే వచ్చి గట్టిగా చదివి వెళ్లారు. ఎంత బాగా చదివారంటే, చివరికి వచ్చేసరికి అదొక ప్రార్థనా గీతంలా సాగింది. ఒక్క పిల్ల తడబడలేదు. అందరి చూపూ నిక్షేపం. ఒక్కో పిల్లకు ఒక్కో కాగితం మీద "చూపు బాగుంది" అని రాసి, సంతకం పెట్టి ఇంటికి పంపాను.

నంద్యాలలో మా సారు పొంగిపోయాడు. నూటికి నూరు అని పైన పెద్దగా రాసి, రిపోర్టును ఆఫీసు గోడకు అతికించాడు. "ఇట్ల పని చేయల్ల," అని మిగతావాళ్లకు నన్ను చూపించాడు. అంతమంది పేద పిల్లల్లో ఒక్కరికి కూడా చూపు మందం లేదంటే అది ఎంత వింతో నాకు తట్టలేదు, ఆయనకూ తట్టలేదు. మెచ్చుకుంటున్నప్పుడు ఎవరికీ ఏదీ తట్టదు.

ఆరు నెలలు గడిచాయి. బళ్లు ఇంకో పది రోజుల్లో మూస్తారనగా అదే బడికి బరువులు తూచడానికి వెళ్లాను. హెడ్మాస్టరు మాటల్లో చెప్పాడు. ఐదో తరగతిలో ఒక పిల్ల ఉందట, శిల్పి కూతురు. నోట్సు రాయదు, బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోదు, పుస్తకం ముక్కుకు ఆనించుకుని నిద్రపోతున్నట్టు కూర్చుంటుంది. వాళ్ల నాయన ఆరో తరగతికి పంపేది లేదన్నాడట. ఇంటి దగ్గరే రాళ్లకు ఎమరీ పేపరు రుద్ది పాలిష్ చేసే పనిలో పెడతాడట.

"కండ్లేమైనా..." అన్నాను.

"కండ్లు శుభ్రంగా ఉండాయి గదమ్మా. పరీక్ష చేసింది మీరే." ఆయన బీరువాలోంచి నా సంతకం తీసి నాకే చూపించాడు. "చూపుంది, చెవులుండాయి, ఇంక లోపం యాడుంటాది? బుర్రలోనే. వాళ్ల నాయనకీ ఇదే చెప్పినా."

ఆయన చెడ్డవాడు కాదు. నా కాగితాన్ని నమ్మాడు, అంతే. అందరికంటే ఎక్కువ హాని చేసేది ఇలా నమ్మిన మంచివాళ్లేనని ఆరోజు అర్థమైంది. ఇది పెద్ద మాటలా ఉంది గానీ, అప్పుడు నా బుర్రలో ఉన్నది మాత్రం ఒకటే: ఆ కాగితం లాక్కుని పరుగెత్తవచ్చా?

పరుగెత్తలేదు. ఆ పిల్ల ఇంటికి వెళ్లాను.

రేకుల షెడ్డు. గుంజకు మేకు ఉంటే అట్టను దారంతో తగిలించాను. పిల్ల పొడుగ్గా, సన్నగా ఉంది. నన్ను చూసి నవ్వింది. తర్వాత తెలిసింది, ఎవరు వచ్చినా ముందు నవ్వేస్తుందట, వచ్చినది ఎవరో గొంతు విన్నాక చూసుకోవచ్చని. ఆరు మీటర్లు అడుగులతో కొలిచి నిలబెట్టాను. ఎడమ కన్ను మూసుకోమని, నా పుస్తకంలో తేదీ వేసుకుంటూ "చదువమ్మా" అన్నాను.

గడగడా చదివింది. మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస. ఒక్క అక్షరం పోలేదు. హమ్మయ్య అనుకుని తలెత్తాను.

హైవే మీద లారీ పోయిన గాలికి అట్ట దారం మీద గిర్రున తిరిగి, వెనక్కి మళ్లి ఉంది. ఆ పిల్ల చదివింది అట్ట వెనకవైపు. తెల్లటి, ఖాళీ అట్ట. ఖాళీ కాగితాన్ని అంత స్పష్టంగా చదివిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

"ఏం కనిపిస్తాంది పాపా ఆడ?"

"అట్టక్కా."

"అట్ట మీద?"

"అక్షరాలుంటాయి కదక్కా."

"ఉంటాయిలే. కనిపిస్తాండాయా?"

పిల్ల రెండడుగులు నా దగ్గరికి వచ్చింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "అందురూ చూసి చెప్తారా అక్కా? నేను పద్యం మాదిరి ఒప్పజెప్పేది అనుకున్యా."

ఎత్తు ప్రకారం నిలబెట్టాను కదా. ఆ పిల్ల వరుసలో అందరికంటే చివర. తన వంతు వచ్చేలోపు ఆ అట్టను బడి మొత్తం నోట విన్నది. ఒక్కసారికే పట్టేసింది, ఆరు నెలలైనా మరచిపోలేదు. బుర్రలో లోపం ఉందని మేమందరం కలిసి తేల్చిన పిల్ల సంగతి ఇది.

వాళ్ల నాయన లోపలి నుంచి వచ్చాడు. కనుబొమల దాకా రాతిపొడి. కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి, మీరు కూడా రావాలి అని చెప్పాను. ఆయన లోపలికి పోయి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన కాగితం తెచ్చాడు. మళ్లీ నా సంతకమే. ఆ ఊళ్లో ఎక్కడికి పోయినా నా సంతకం నాకంటే ముందే చేరి కూర్చుంది.

"ఇది నీవు రాసిచ్చిందే గదమ్మా?"

"నేనేన్నా. తప్పు రాసినా."

"అప్పుడు బాగున్యాదంటివి. ఇప్పుడు లేదంటాండావు. రేపొచ్చి ఇంగోటంటావు. నాకు పని ఉండాది."

"అద్దాలు పెడితే బోర్డు కనపడతాదన్నా."

"ఈ దుమ్ములో అద్దాలు యాడ నిలుస్తాయి? వంగితే పడతాయి, పడితే పగులుతాయి. పోమ్మా."

మూలన మంచం మీద కూర్చున్న అవ్వ, అంటే ఆయన తల్లి, అప్పుడే నోరు తెరిచింది. "డెబ్బై ఏండ్లకు నాకు కన్ను కోపిచ్చి తెచ్చినావే, బిడ్డకు చూపిచ్చేదానికి నొప్పా నీకు?"

"నీవు గమ్మునుండు మా."

"నేను గమ్మునే ఉన్యా ఇన్నాళ్లూ. కన్ను కనపడినాంకనే కదా నీ మొగం ఇంత గలీజుగా ఉంటాదని తెల్సింది."

అవ్వ నా పక్షాన ఉందని తేలిపోయింది. ఆరోజుకు అదొక్కటే లాభం.

నంద్యాల బస్సులో కూర్చుని, సంచిలో ఆరు నెలలకు పైగా ఊరికే మోస్తున్న ఆ ఆఫ్రికా పుస్తకాన్ని మొదటిసారి బొమ్మలు కాకుండా చదివాను. పద్నాలుగో పేజీ. చూపు పరీక్షకు పిల్లలను ఒక్కొక్కరినే గదిలోకి పిలవాలి. తలుపు వేయాలి. మిగతావాళ్లకు లోపలి మాట వినపడకూడదు. అక్షరాల అట్ట బదులు, ఇంగ్లీషు 'E' లాంటి మూడు కాళ్ల గుర్తు ఎటు తిరిగి ఉందో పిల్లలు మాట లేకుండా చేత్తో చూపించే అట్ట వాడటం మంచిది. కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: "మా బడిలో పిల్లలు ఒకరిది ఒకరు విని ఒప్పజెప్పారు. ఒక ఏడాది మొత్తం మాకు తెలియలేదు."

అంటే ఎక్కడో, పసుపు డబ్బాల వరుసల మధ్య, నాలాంటి తెలివైనది ఒకతె పిల్లలను చక్కగా వరుసలో నిలబెట్టి, అందరి చూపూ నిక్షేపమని రాసుకుని, నూటికి నూరని పొగిడించుకుని ఉంటుంది. తర్వాత సిగ్గుపడి, దాచుకోకుండా, ఇంకొకరు చేయకూడదని రాసిపెట్టింది. రాసిపెట్టినదాన్ని నేను కుర్చీ ఎత్తు చాలకపోతే కింద వేసుకుని కూర్చున్నాను.

మర్నాడు ఆఫీసులో సారుకు అంతా చెప్పాను. ఆయన గోడ మీది రిపోర్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అంటే నీ రిపోర్టు మీద నీవే కేసు ఏస్తాండావు."

"అవును సార్."

"అది పైకి పోయింది. ఫోటోతో సహా పోయింది."

"మళ్లీ పరీక్ష చేస్తాను సార్. బడంతా."

"అంకె తగ్గుతాది."

"తగ్గాలి సార్."

ఆయన చాలాసేపు టీ గ్లాసు తిప్పాడు. ఇక్కడ ఆయన లేచి నా భుజం తట్టి ఉంటే ఈ జ్ఞాపకానికి మంచి అందం వచ్చేది. ఆయన లేచి రిపోర్టు చించబోయాడు. గమ్ము గట్టిగా పట్టి, సగమే వచ్చింది. మిగతా సగం ప్రాజెక్టు ముగిసేదాకా గోడ మీదే ఉంది. "పోయి పని చూడు," అన్నాడు. "ముందు ఆ పిల్లది చూడు. ఆరో తరగతి చేరకపోతే మళ్లా రాదు బడికి."

అది నిజం. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం దాటితే, పనికి అలవాటుపడిన పిల్లను ఎవరూ తిరిగి పంపరు. మా పని చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. కాబట్టి వెళ్లాను. మళ్లీ వెళ్లాను. రెండోసారి ఆయన ఊళ్లో లేడు. మూడోసారి ఉన్నాడు గానీ, నన్ను చూసి గ్రైండరు ఆన్ చేశాడు. నేను మాట్లాడినంతసేపూ అది ఆగలేదు. ఎండలో రాయి మీద కూర్చుని ఆగేదాకా ఉన్నాను. కరెంటు పోయి ఆగింది. "ఇంగా ఉండావా?" అన్నాడు. "రేపు కూడా వస్తాన్నా," అన్నాను. నా పట్టుదల చూసి చలించాడని రాయాలని ఉంది. కరెంటాఫీసును తిట్టుకుంటూ లోపలికి పోయాడు.

నాలుగోసారి వెళ్లినరోజు షెడ్డులో హడావిడిగా ఉంది. ఆంజనేయస్వామి విగ్రహం ఒకటి సాయంత్రం లారీకి ఎక్కాలి. అంతా అయిపోయింది, కళ్లు తప్ప. వాళ్లలో కళ్లు చెక్కడం అన్నిటికంటే చివరి పని. స్నానం చేసి వచ్చి, ఇంటి పెద్దే చేయాలి. ఆయన తడి జుట్టుతో, చిన్న ఉలి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. దేవుడికి చూపు తెరిచే మనిషి, చూపు లేని కూతురు. ఈ వాక్యం నాకు అక్కడే తట్టింది. రిపోర్టులో పెడితే నిధులు వస్తాయని కూడా తట్టింది. చెప్పు రాతి బురదలో కూరుకుపోయి ఊడిరాకపోవడంతో ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

"మళ్లా వచ్చిందిరా నాయనా," అన్నాడు ఆయన, ఎవరితోనో కాదు, ఆంజనేయుడితోనే.

"అన్నా, నా అట్ట వద్దు, నా కాగితం వద్దు. నన్ను నమ్మొద్దు. నీవే చూడు. నీ పద్ధతిలో చూడు."

ఎందుకన్నానో తెలియదు. మొదటిసారి ఆయన ఉలి కింద పెట్టాడు. రాయి మీద గీతలు గీసుకునే ఎర్ర జాజు ముక్క తీసుకున్నాడు. పలక రాయి ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని కూతుర్ని పిలిచి, షెడ్డు చివర నిలబెట్టాడు. ఏదో గీశాడు.

"ఏం గీసినా?"

"గుండ్రం నాయనా," అంది పిల్ల వెంటనే.

గుండ్రమే. ఆయన నా వైపు గెలిచినట్టు చూశాడు. అవ్వ మంచం మీంచి అంది: "జాజు గీరేది ఇనపడతాంది దానికి. ఆ పిల్ల చెవులు నీకేం తెల్సు?"

ఆయన మొహం మారింది. రాయి తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లాడు. కాసేపటికి వచ్చి, రాయి ముందుకు పట్టుకుని మాట్లాడకుండా నిలబడ్డాడు. ఈసారి వినడానికేమీ లేదు.

పిల్ల తల అటు వంచింది, ఇటు వంచింది. నా వైపు, అవ్వ వైపు తిరిగింది, ఎవరైనా ఏదైనా అంటారేమోనని.

"ఒక అడుగు ముందుకు రా."

వచ్చింది.

"ఇంగోటి."

అలా ఆయన పిలుస్తూ పోయాడు, పిల్ల వస్తూ పోయింది. ప్రతి అడుగుకూ ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. చివరికి రాయి చేతికి అందేంత దగ్గరికి వచ్చాక పిల్ల మొహం వెలిగింది.

"చిలక! చిలక నాయనా!"

పాసైనంత సంతోషం ఆ పిల్లకు.

శిల్పి కదా, కొలత వేయకుండా ఏదీ నమ్మడు. మోచేయి రాయికి ఆనించి, చేయి చాచాడు. వేళ్ల చివర్లు సరిగ్గా కూతురి ముక్కుకు తగిలాయి.

"మూరెడు," అన్నాడు. రాయిని బోర్లించి కింద పెట్టాడు.

దేవుడి కళ్లు రేపు తెరుస్తాను, ముందు నా బిడ్డ కళ్లు అని ఆయన అనలేదు. అంటే బాగుండేది. ఆయన అన్నది ఇది: "నంద్యాల బస్సు ఎన్ని గంటలకు?"

లారీ డ్రైవరు వస్తే అవ్వ చెప్పిందట: "సామి రేపొస్తాడు. నీవూ రేపే రా." డ్రైవరు అరిచాడట. కంటి ఆపరేషను చేయించుకున్న అవ్వ, కళ్లు ఎగరేసి మరీ చూసిందట. వెళ్లిపోయాడట.

నంద్యాల ఆసుపత్రిలో చుక్కల మందు వేసి, కటకాలు మార్చి మార్చి చూశారు. రెండు కళ్లకూ మైనస్ ఆరు దగ్గర. పరీక్ష చేసినాయన పిల్ల నోట్‌బుక్కు తిరగేసి అడిగాడు. "ఇన్నేండ్లు బోర్డు ఎట్ల చదివింది?"

"చదవలేదు సార్," అన్నాను. "విన్నది."

వాళ్ల నాయన బెంచీ మీద కూర్చుని, చేతి మీది రాతిపొడి గోకుతున్నాడు. "చిలుక్కి ముక్కు పెద్దగా గీస్తి," అన్నాడు కాసేపటికి. "చిన్నగా గీసింటే ఇంగా దగ్గరికొచ్చేది." నేను అద్దాల చీటీ తీసుకుని కౌంటరు దగ్గరికి పోయాను.

పది రోజులకు అద్దాలు వచ్చాయి. నేనే తీసుకెళ్లాను. పెట్టుకున్న పిల్ల మొదట ఆకాశం చూస్తుందని, చెట్ల ఆకులు చూస్తుందని, కన్నీళ్లు పెడుతుందని నేను కర్చీఫు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ పిల్ల తిన్నగా షెడ్డులో నిలబడి ఉన్న కొత్త వినాయకుడి దగ్గరికి పోయింది. కింది నుంచి పైకి చూసింది.

"నాయనా, ఈ చెవి ఆ చెవి కన్నా కిందికుండాది."

షెడ్డులో పనివాళ్లందరూ ఆగిపోయారు. ఆయన నవ్వలేదు. దారం తెచ్చి, పట్టి, కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు.

"ఎంత?" అంది అవ్వ.

"నూలు పోగంత."

"మరి ఇన్నాళ్లూ దాన్ని బుర్ర లేదంటిరి."

అద్దాలు జారకుండా ఆయన అదే దారాన్ని రెండు కాడలకూ ముడివేసి, తల వెనక్కి కట్టాడు. దుమ్ములో అద్దాలు ఎలా నిలుస్తాయన్న ప్రశ్నకు ఆయన జవాబు ఆయనే ఇచ్చుకున్నాడు. జూన్‌లో ఆ దారంతోనే ఆరో తరగతిలో చేరింది.

అదే నెలలో ఆ ప్రాథమిక బడిలో మళ్లీ పరీక్ష పెట్టాను. తలుపు వేసి, ఒక్కొక్కరిని, మూడు కాళ్ల గుర్తుల అట్టతో. హైస్కూలు వాళ్లకు ఆరోజు ఒంటిపూట. మా పిల్ల వచ్చి తలుపు బయట కాపలా నిలబడింది. కిటికీ కింద ముగ్గురు, గోడ సందులో ఇద్దరు దొరికారు. "వినేదానికి యాడ నక్కుతారో నాకు తెల్సక్కా," అంది. ఆ విద్యలో మా జిల్లాలో ఆమెను మించినవాళ్లు లేరు.

ఇంకో తొమ్మిది మంది బయటపడ్డారు. అందులో ఒకడు హెడ్మాస్టరు చేత రోజూ తన్నులు తింటున్నవాడు. హెడ్మాస్టరే వాణ్ణి నంద్యాల తీసుకుపోయాడు, నేను అడగకముందే. మా అంకె నూరు నుంచి బాగా కిందికి దిగింది. ఐదేళ్ల ఉద్యోగంలో నేను సాధించింది ఏమిటని ఎవరైనా అడిగితే, అదే చెప్తాను: ఒక అంకెను తగ్గించాను.

ఆ ఆఫ్రికా పుస్తకం ఇప్పుడు మీ ఆఫీసు బీరువాలో, రెండో అరలో ఉంటుంది. ఒక మూల కుర్చీ కింద నలిగి ఉంటుంది, క్షమించండి. బొమ్మలు చూడటం అయ్యాక పద్నాలుగో పేజీ తీయండి. కింద చిన్న అక్షరాల్లో ఆవిడెవరో రాసిన వాక్యం ఉంటుంది: ఒక ఏడాది మొత్తం మాకు తెలియలేదు అని. దాని కింద పెన్సిలుతో ఇంకో వాక్యం ఉంటుంది: "ఆళ్లగడ్డలో ఆరు నెలలు." చేతిరాత నాదే.

ఇంకో వాక్యానికి చోటుంది. దాన్ని ఖాళీగానే ఉంచండి.